ఆరువందల మందికి డాక్టరు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో విచిటా పెద్ద ఊరు. విమానాలు తయారు చేసే ఊరిగా దానికి పేరు. 2010లో అక్కడ జోష్ అంబేర్ అనే యువ ఫ్యామిలీ డాక్టరు ‘అట్లాస్ ఎండీ’ పేరుతో ఒక క్లినిక్ తెరిచారు. తొలి ఏళ్ళలో దాని ధరల పట్టిక నాలుగే వరుసలు. పిల్లలకు నెలకు 10 డాలర్లు. పడుచువాళ్ళకు 50. నడివయసువాళ్ళకు 75. పెద్దవాళ్ళకు 100. నెలలో ఒక్కసారి వచ్చినా, పదిసార్లు వచ్చినా, అసలు రాకపోయినా అంతే. తెగిన వేలికి కుట్లు వేసినా, గుండె దడ అంటే ఈసీజీ తీసినా ఆ పనికి వేరే ఫీజు లేదు. గుమ్మంలో బీమా కార్డు అడిగేవాళ్ళు లేరు.

పైపైన చూస్తే ఇది చందా కట్టించుకుని వైద్యం చేయడం. దగ్గరికెళ్ళి చూస్తే మాత్రం ఒక్క అంకె చుట్టూ బిగువుగా నేసిన నేత. ఆ అంకె 600. ఒక డాక్టరు చేతిలో 600 మందికి మించి ఉండకూడదని అక్కడి కట్టుబాటు. మందుల బీరువా, ల్యాబుతో ఒప్పందం, ఫోను, కంప్యూటరు, ఆఖరికి వకీలు రాసిన కాగితం కూడా ఆ 600 దగ్గర లెక్క కుదరడానికే ఉన్నాయి. నన్ను ఆకట్టుకున్నది ఆ పనితనమే.

‘ఇందులో అంత గొప్పేముంది? మా ఊళ్ళో డాక్టరుగారి దగ్గర కాంపౌండరు చేతిలో డబ్బులు పెట్టి ఓపీ చీటీ రాయించుకోవడమేగా!’ అని మనవాళ్ళకు అనిపిస్తుంది. ఆ మాటకు మళ్ళీ వస్తాను. ముందు అంబేర్ దేన్ని వదిలేసి బయటికొచ్చారో చూడాలి.

అమెరికాలో మామూలు జలుబుకు డాక్టరు దగ్గరికెళ్ళినా ఆ గదిలో కనిపించని మూడో మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. బీమా కంపెనీ మనిషి. డాక్టరు చూసిన రోగానికి ఒక కోడు, చేసిన పనికి ఒక కోడు వేసి క్లెయిమ్ పంపాలి. కోడు తప్పైతే అది తిరిగొస్తుంది. మళ్ళీ పంపాలి. ఖరీదైన మందో స్కానింగో రాస్తే ముందస్తు అనుమతి కావాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో ఫారం, ఒక్కో ఫోను నంబరు. ఈ తతంగం నడపడానికి ప్రతి క్లినిక్‌లోనూ విడిగా మనుషులుంటారు. బీమావాళ్ళతో, ప్రభుత్వ పథకాలతో ఇలా వ్యవహరించడానికి అమెరికన్ క్లినిక్‌లకు ఒక్కో డాక్టరు మీద ఏడాదికి 82,975 డాలర్లు ఖర్చవుతోందని 2011లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. సరిహద్దు దాటి కెనడాలోని ఒంటారియోకు వెళితే, అక్కడ చెల్లించేది ఒక్క ప్రభుత్వమే కాబట్టి, అదే పనికి అయ్యేది 22,205 డాలర్లు. డబ్బు సంగతి అలా ఉంచి కాలం సంగతి చూసినా అంతే. డాక్టరు రోగి ఎదుట గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటరు ముందు, కాగితాల ముందు పోతున్నాయని 2016లో ఇంకో అధ్యయనం గడియారం పెట్టి చూసి చెప్పింది.

ఈ మూడో మనిషి మొదటినుంచీ ఆ గదిలో లేడు. 1929లో డాలస్‌లోని బేలర్ ఆస్పత్రి, ఆ ఊరి టీచర్లతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు అర డాలరు కడితే, అవసరమైనప్పుడు 21 రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని చూస్తారు. ఆస్పత్రి పాలైతే ఇల్లు గుల్లవుతుందన్న భయానికి కట్టిన గొడుగు అది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942లో, ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది. జీతం పెంచలేని యజమానులు పనివాళ్ళను నిలుపుకోవడానికి ఆరోగ్య బీమా ఎర వేశారు. తర్వాత పన్ను మినహాయింపులూ తోడయ్యాయి. అలా పెద్ద ఆపదకు పుట్టిన బీమా క్రమంగా చిన్న దగ్గు దాకా పాకింది. పంట బీమా ఉంది కదా అని పెరట్లో వంకాయ పుచ్చిపోతే మనం క్లెయిమ్ పెట్టం. వాళ్ళు పెట్టే దశకు వచ్చారు.

దగ్గు దగ్గర బీమాను తీసేసి, ఆపద దగ్గర ఉండనిద్దామన్నదే అంబేర్ వంటివాళ్ళ ఆలోచన. దీనికి అక్కడ ‘డైరెక్ట్ ప్రైమరీ కేర్’ అని పేరు. వాళ్ళు తమ దగ్గర చేరినవాళ్ళకు మొదట చెప్పేది కూడా ఇదే: క్యాన్సరుకో యాక్సిడెంటుకో అక్కరకొచ్చే బీమా ఒకటి తప్పకుండా ఉంచుకోండి, మిగతాది మేం చూసుకుంటాం.

ఇప్పుడు అసలు లెక్క. మనిషికి సగటున నెలకు 55 డాలర్లు అనుకుందాం. 600 మందికి నెలకు 33,000. ఏడాదికి 3,96,000 డాలర్లు. అద్దె, నర్సు జీతం, కరెంటు, వృత్తి బీమా పోను డాక్టరుకు మంచి జీతమే మిగులుతుంది. క్లెయిములు రాసే మనుషులు లేరు కాబట్టే ఇది సాధ్యం. ఒక్క బిల్లింగు గుమాస్తాను పెట్టుకున్నా, అతని జీతం కోసం ఇంకో డెబ్బై ఎనభై మందిని చేర్చుకోవాల్సి వస్తుంది. అప్పుడు 600 కాస్తా 680 అవుతుంది. అందుకే అతను లేడు.

కాలం లెక్క ఇంకా అందంగా ఉంటుంది. మనిషి ఏడాదికి నాలుగుసార్లు వచ్చాడనుకున్నా మొత్తం 2,400 రాకలు. పనిదినాలు 240. అంటే రోజుకు 10 మంది. ఒక్కొక్కరికి అరగంట ఇచ్చినా మూడు గంటలు మిగులుతాయి. మామూలు అమెరికన్ ఫ్యామిలీ డాక్టరు చేతిలో 2,000 నుంచి 2,500 మంది ఉంటారని అంచనా. అదే లెక్క 2,400 మందికి వేస్తే రోజుకు 40 మంది, మనిషికి 12 నిమిషాలు. అందులోనే కోడు, అందులోనే కాగితం. 2,500 మందికి ప్రభుత్వం కూర్చిన నిపుణుల బృందం చెప్పిన ముందుజాగ్రత్త పరీక్షలు, సలహాలు అన్నీ ఇవ్వాలంటే వాటికే రోజుకు 7.4 గంటలు పడుతుందని 2003లో పరిశోధకులు లెక్కగట్టారు. జ్వరంతో వచ్చినవాణ్ణి ఇక చూసేదెప్పుడు? ఆ 7.4 గంటలను 600 మందికి కుదిస్తే రెండు గంటలు కూడా కావు.

అరగంటలో ఏం మారుతుంది? షుగరున్న మనిషి వస్తాడు. 12 నిమిషాల డాక్టరు రిపోర్టులో అంకె చూసి మాత్ర మోతాదు మారుస్తాడు. అరగంట ఉన్న డాక్టరు బూట్లు, మేజోళ్ళు విప్పమని అరికాళ్ళు చూస్తాడు. వేళ్ళ సందుల్లో పుండుందా, స్పర్శ తెలుస్తోందా అని సన్నని నైలాన్ పోగుతో నొక్కి చూస్తాడు. రాత్రి డ్యూటీ చేస్తున్నావా, అన్నం ఎప్పుడు తింటున్నావు అని అడుగుతాడు. వైద్యశాస్త్రం ఇద్దరికీ ఒకటే. తేడా మేజోళ్ళు విప్పేంత తీరికలోనే ఉంది.

ఫోను సంగతీ అంతే. మనిషి గదిలోకి వస్తేనే బీమా డబ్బులిచ్చే పద్ధతిలో, ఫోన్లో తేలిపోయే పనికి కూడా రోగిని పిలిపించాల్సిందే. నెలవారీ చందాలో ఆ బలవంతం పోయింది. పిల్లాడి వంటిమీద దద్దురు ఫొటో తీసి పంపితే, చూసి ‘ఇది మామూలుదే, రెండ్రోజులు ఆగండి’ అని మెసేజీ పెట్టేస్తే ఇద్దరి పూటా మిగిలింది. మన పల్లెల్లో ఒకప్పుడు ఆయగాళ్ళ పద్ధతి ఉండేది. కమ్మరి, వడ్రంగి పనిపనికీ డబ్బులడిగేవారు కాదు. నూర్పిళ్ళయ్యాక కల్లంలో మేర కొలిచి పట్టుకెళ్ళేవారు. నాగలి కర్రుకు ఎన్నిసార్లు పదును పెట్టారన్నది లెక్కలోకి రాదు. కాబట్టి కర్రు తొందరగా అరగకుండా ఉండడమే కమ్మరికి లాభం. ఆ పద్ధతిలో కులం కట్లున్నాయి, కాదని వెళ్ళిపోయే వీలు లేదు. విచిటాలో వద్దనుకుంటే నెల తిరిగేసరికి మానుకోవచ్చు. పోలిక లెక్కవరకే. కానీ ఆ లెక్క ఒకటే: రోగి బాగుంటేనే వైద్యుడికి తీరిక.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముచ్చటేసింది మందుల బీరువా. కాన్సాస్‌లో డాక్టరు తన క్లినిక్‌లోనే మందులు ఇవ్వవచ్చు. చాలా రాష్ట్రాల్లో అంతే. టెక్సస్, న్యూయార్క్ వంటి చోట్ల ఆంక్షలున్నాయి. అంబేర్ టోకు ధరకు డబ్బాలు తెప్పించి, దాదాపు అదే ధరకు తన వాళ్ళకు ఇస్తారు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు టోకున మాత్రకు కొన్ని సెంట్లే. మధ్యవర్తులందరినీ దాటుకుని మందుల షాపు కౌంటరు మీదికి చేరేసరికి వాటి ధర ఎన్నో రెట్లవుతుంది. నాలుగైదు రకాల మాత్రలు వేసుకునే పెద్దాయనకు ఇక్కడ మిగిలే డబ్బే ఆయన చందాలో మంచి భాగం. అంటే బీరువా లాభం కోసం పెట్టింది కాదు. చందా బరువనిపించకుండా, 600 మంది జారిపోకుండా పట్టి ఉంచడానికి పెట్టింది. అలాంటి బీరువాలో ఏదైనా డబ్బా తిప్పి చూస్తే అరబిందో పేరో, డాక్టర్ రెడ్డీస్ పేరో కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అమెరికాకు జనరిక్ మందులు పంపే పెద్ద కంపెనీల్లో హైదరాబాద్‌వి ముందు వరసలో ఉన్నాయి.

రక్తపరీక్షలదీ అదే దారి. ల్యాబు పెద్ద కంపెనీయే. కానీ బిల్లు రోగి పేరున బీమాకు పోదు, క్లినిక్‌కు వస్తుంది. వసూలు కాని బాకీల భయం, క్లెయిముల గొడవ లేనప్పుడు ల్యాబు కూడా ధర దించుతుంది. మామూలు రక్తపరీక్షలు కొద్ది డాలర్లకే అయిపోతాయి.

కంప్యూటరు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. బజారులో దొరికే వైద్య సాఫ్ట్‌వేరు చాలావరకు బిల్లు కోసం పుట్టింది. తెర తెరిస్తే ముందు కనిపించేవి కోడ్ల గళ్ళు. కోడే అక్కర్లేని క్లినిక్‌కు అది పరాయి చొక్కా. అంబేర్ బృందం తమకు సరిపడే సాఫ్ట్‌వేరును తామే తయారు చేయించుకుంది. రోగి పేరు, మందుల నిల్వ, మెసేజీలు, నెల చందా అన్నీ ఒకేచోట. తర్వాత అదే బాట పట్టిన ఇతర డాక్టర్లకూ దాన్ని అందించింది. మంచి వడ్రంగి ఉలికి పిడి తన అరచేతి కొలతకే చెక్కించుకుంటాడు.

కాగితం పని మరీ సున్నితం. నెలనెలా డబ్బు తీసుకుని, జబ్బు చేస్తే చూస్తానని మాటివ్వడమంటే బీమా అమ్మడం కాదా? రాష్ట్రాల బీమా శాఖలు అడిగిన ప్రశ్నే ఇది. వాషింగ్టన్ రాష్ట్రం 2007లోనే, ఇది బీమా కాదు, వైద్యుడికీ రోగికీ మధ్య ఒప్పందం అని చట్టం చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. పెద్దవాళ్ళ ప్రభుత్వ పథకం మెడికేర్ ఇంకో ముడి. అందులో ఉంటూ పెద్దవాళ్ళ దగ్గర సొంతంగా ఫీజు తీసుకోవడం కుదరదు. దాంట్లోంచి రెండేళ్ళకోసారి రాతపూర్వకంగా తప్పుకునే వీలు 1997 చట్టం ఇచ్చింది. 2015 నుంచి అది దానంతటదే కొనసాగుతోంది. ఇక పన్ను. పన్ను లేకుండా దాచుకునే ఆరోగ్య పొదుపు ఖాతాలోని డబ్బుతో ఈ చందా కట్టవచ్చా అన్నది ఎన్నో ఏళ్ళు నలిగింది. 2025లో చేసిన చట్టంతో, 2026 జనవరి 1 నుంచి ఆ వీలు దొరికింది. అయితే చందా ఒక్కరికి నెలకు 150 డాలర్లు, కుటుంబానికి 300 దాటకూడదు.

మూడో మనిషి డబ్బు మీద ఆధారపడకూడదన్న ఈ స్వతంత్రం అంబేర్‌కు ఇంట్లోంచే అబ్బిందేమో. ఆయన తండ్రి కీన్ అంబేర్ ఒకప్పుడు కాన్సాస్‌లోని ఒక కౌంటీలో చెత్త ఎత్తే కాంట్రాక్టరు. కౌంటీ పెద్దలను పత్రికలో విమర్శించినందుకు కాంట్రాక్టు తీసేశారని కోర్టుకెక్కారు. 1996లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే నిలిచి, సొంతంగా పనిచేసుకునే కాంట్రాక్టరుకూ వాక్ స్వాతంత్ర్య రక్షణ ఉందని తీర్పు చెప్పింది. డబ్బు ఒక్క చేతినుంచే వస్తే, ఆ చేతికి కోపమొచ్చిన రోజు ఏమవుతుందో ఆ ఇంట్లో తెలుసు.

ఆపరేషన్ల దగ్గర ఇదే పనితనం ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఓక్లహోమా సిటీలో కీత్ స్మిత్, స్టీవెన్ లాంటియర్ అనే ఇద్దరు మత్తు డాక్టర్లు 1997లో ‘సర్జరీ సెంటర్ ఆఫ్ ఓక్లహోమా’ పెట్టారు. 2009లో ఆపరేషన్ల ధరలన్నీ ఇంటర్నెట్లో అందరికీ కనిపించేలా పెట్టేశారు. సర్జన్, మత్తుమందు, థియేటరు మూడూ కలిపి ఒకే ధర. అమెరికాలో మామూలుగా ఆపరేషనయ్యాక ఒక్కో బిల్లు ఒక్కో వారం పోస్టులో వస్తుంది. ‘ప్యాకేజీ’ అన్న మాట మనకు కొత్త కాదు. ‘మందులు, రూము అదనం’ అన్న చిన్న అక్షరాలూ కొత్త కావు. ఒకే ధర చెప్పి దానికి కట్టుబడాలంటే దారం ఉండ దగ్గర్నుంచి గ్లవ్సు దాకా ప్రతిదాని ఖర్చూ తెలిసుండాలి. ఆ తెలియడంలోనే పనితనం ఉంది.

చెడిన పని కూడా పాఠం చెబుతుంది. ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన గారిసన్ బ్లిస్ సియాటిల్‌లో 2007లో ‘క్యూలయన్స్’ అనే క్లినిక్‌ల సంస్థను నిలబెట్టారు. జెఫ్ బెజోస్, మైకేల్ డెల్ వంటివారు పెట్టుబడి పెట్టారు. పెద్ద కంపెనీల ఉద్యోగులను, పేదల ప్రభుత్వ వైద్య పథకం కింద ఉన్నవాళ్ళను గంపగుత్తగా చేర్చుకుంది. ఆశయం గొప్పదే. కానీ 2017లో అది మూతపడింది. నాకు అర్థమైనంతవరకు, వేలమంది తరఫున ఒకరు డబ్బు కట్టే చోట ఆ మూడో మనిషి వేరే చొక్కాతో మళ్ళీ గదిలోకి వచ్చినట్టే. 600 మందిలో ఒకరు వెళ్ళిపోతే పోయేది నెలకు 55 డాలర్లు. పెద్ద ఖాతా ఒక్కటి జారితే గోడే కూలుతుంది.

ఇప్పుడు మనవాళ్ళ అనుమానం దగ్గరికి. మన ఓపీల్లో బీమా మొదటినుంచీ లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆస్పత్రిలో చేరే జబ్బులకు, ఆపరేషన్లకు అండ. చీటీ డబ్బులు మన చేతినుంచి డాక్టరు చేతికే పోతాయి. మరి మన డాక్టరుగారికి అరికాళ్ళు చూసే తీరిక ఎందుకు లేదు? సాయంత్రం ఏడుకల్లా వరండాలో ఎనభై మంది ఎందుకుంటారు? చీటీకి ఇంత అన్న లెక్కలో, చీటీలు పెరిగితేనే ఆదాయం. అంటే బీమా లేకపోవడం ఒక్కటే గొప్ప కాదు. గొప్పతనం ఎంతమందిని ఒప్పుకోవాలో ముందే గీత గీసుకోవడంలో ఉంది. మన దగ్గర డాక్టర్ల కొరత ఆ గీత గీసుకోనివ్వదన్నదీ నిజమే.

మనకు ఈ క్లినిక్‌లతో అక్కర పడేది ఇంకోచోట. పిల్లల దగ్గరికి ఆరునెలలు వెళ్ళే తల్లిదండ్రులు సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఆరునెలల మాత్రలూ సర్దుకుంటారు. విజిటర్ బీమాలు పాత జబ్బులకు మామూలుగా వర్తించవు. అక్కడ బీపీ పెరిగితే ఎవరికి చూపించాలన్నది కొడుకుల, కూతుళ్ళ దిగులు. నెల చందాతో చూసే డాక్టరు దగ్గర్లో ఉండి, చేర్చుకుంటానంటే, ఆ దిగులుకు ముందే తెలిసిన ధర ఒకటి దొరుకుతుంది.

ఈ పనికి పడే పెద్ద విమర్శ కూడా ఆ 600 మీదే. 2,400 మందిని చూసే డాక్టరు 600తో ఆగిపోతే మిగతా 1,800 మంది ఎక్కడికెళ్ళాలి? అసలే ఫ్యామిలీ డాక్టర్లు చాలని దేశమది. చందాపైన మళ్ళీ బీమా కూడా కట్టుకోలేని పేదవాడి సంగతేమిటి? విసిగిపోయి వృత్తి మానేసే డాక్టరు 600 మందినైనా చూస్తున్నాడు కదా అని ఈ దారివాళ్ళు అంటారు. వైద్యం చదివే పిల్లలు ఈ గదిని చూస్తే ఫ్యామిలీ డాక్టరు కావాలనుకుంటారని అంటారు. ఆ జవాబులో నిజం ఉంది. ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

అయినా ఒక సంగతి గమనించాలి. మామూలు క్లినిక్‌లో 2,401వ మనిషికి ఎవరూ కాదని చెప్పరు. చేర్చుకుంటారు. అతనికి పట్టే నిమిషాలు మిగతా అందరి 12 నిమిషాల్లోంచి తలా కాస్త గిల్లుతారు. ఎవరికెంత తగ్గిందో ఎవరికీ తెలియదు. ఈ పద్ధతిలో 601వ మనిషికి డాక్టరు మొహం మీదే చెప్పాలి: నా దగ్గర ఖాళీ లేదు, రాసుకుంటాను, ఆగండి. తెలిసిన మొహానికి ఆ మాట చెప్పడం కుట్లు వేయడంకన్నా కష్టం. విచిటాలో జనం పెరిగినప్పుడు అంబేర్ తన 600ను సాగదీయలేదు. పక్క గదిలో ఇంకో డాక్టరుకు కుర్చీ వేసి, ఆ కుర్చీకి కొత్తగా ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టారు.